కడియం తొడిగిన అడవి

తాయారు కనిపెట్టిన యంత్రానికి కంపెనీవాళ్ళు ఇంగ్లీషులో ఏదో నోరు తిరగని పేరు పెట్టారు గానీ, అడవిలో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఆవిడ పెట్టిన పేరే నిలిచింది. కడియం. ఆవిడ పుట్టింది గోదావరి పక్కన నర్సరీల ఊరు కడియంలో కాబట్టి, పైగా చూడ్డానికి అది ఏనుగు కాలికి తొడిగే కడియంలాగే ఉంటుంది కాబట్టి. గాబన్ దేశంలో ఉత్తరాన, అకోమ్ అనే ఊళ్ళో, ఫాంగ్ భాష తప్ప ఇంకోటి రాని ముసలివాళ్ళు కూడా దాన్ని ‘కడియమ్’ అనే అంటారు. తన ఊరి పేరు అంత దూరం పోయి అంతంత చెట్లెక్కిందని ఆవిడకి లోపల్లోపల గర్వంగానే ఉండేది.

ఆ పూట కడియం పని చూడ్డానికి బోలెడుమంది వచ్చారు. విదేశీ కొనుగోలుదార్లు, అడవి క్షేమంగా ఉందని పచ్చముద్ర వేసే సంస్థవాళ్ళు, రాజధాని నుంచి అధికార్లు. వాళ్ళ మధ్య సువన వెనీర్స్ వైస్ ప్రెసిడెంట్ కేల్కర్ పెళ్ళికొడుకు తండ్రిలా తిరుగుతున్నాడు. ఫ్యాక్టరీ మేనేజర్ వీర్రాజు, అంటే తాయారు మొగుడు, ఓ పక్కగా నిలబడి రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

పనివాళ్ళు ఉక్కు చట్రం రెండు సగాల్నీ ఒకుమే అనే కలపజాతి మాను చుట్టూ మూసి బోల్టులు బిగించారు. మోటారు గుర్రుమంది. కడియం గుండ్రంగా తిరుగుతూ మాను మీదికి పాకింది. ముందు కత్తి బెరడుని గాటు పెట్టి దుప్పటిలా పైకెత్తింది. వెనక కత్తి అడుగునున్న చెక్కని పల్చగా ఒలిచి, లేత గులాబిరంగు వెనీరు చుట్టగా కిందికి వదిలింది. ఆ వెనకే ఓ గొట్టం తెల్లటి జిగురు చిమ్మింది. ఆఖర్న ఓ రోలరు బెరడుని యథాస్థానంలో కప్పి గట్టిగా ఒత్తేసింది. ఇంతా చేసి చెట్టు నిలబడే ఉంది. ఒక్క ఆకు రాలలేదు.

ఆ తెల్ల జిగురే అసలు సంగతి. దాని పేరు మానుపు. వేరు తాగిన నీళ్ళు కొమ్మలకెక్కే దారి తెగకముందే అది అతుకు వేస్తుంది. పోయిన చెక్కని ఏడాది తిరిగేలోపు మళ్ళీ పెంచుతుంది. అప్పుడు మళ్ళీ ఒలుచుకోవచ్చు.

“ఆవుని చంపకుండా పాలు పిండుకుంటున్నాం!” అన్నాడు కేల్కర్. అతిథులు చప్పట్లు కొట్టారు.

కొట్టరా మరి! దుంగల్ని దుంగలుగా ఓడెక్కించడం ఆ దేశంలో ఎప్పుడో మాన్పించారు. కలప ఇక్కడే కోయాలి, ఇక్కడే పలకలు చెయ్యాలి, ఇక్కడివాళ్ళకే పని దొరకాలన్నారు. మంచి మాట. ఆ మాట పుణ్యాన అకోమ్ పక్కన ఫ్యాక్టరీ వచ్చింది, ఊరికి కరెంటు వచ్చింది, ఆడపిల్లలకి జీతాలు వచ్చాయి. ఇప్పుడు చెట్టు కొట్టకుండానే కలప అంటుంటే ఇంకేం కావాలి? పైనుంచి ఏ ఉపగ్రహం చూసినా అడవి నిండు ముత్తయిదువలా పచ్చగా కనిపిస్తోంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర వీర్రాజు హుషారుగా ఉన్నాడు.

“విన్నావా తాయారూ, పై సీజన్లో కొండ దిగువ తోపు మొత్తానికి కడియం వేస్తామంట. మోఆబి చెట్లు. వాటిని కొట్టకూడదని చట్టం ఉందా, ఉంది. ఒలవకూడదని ఉందా, లేదు. కేల్కర్ గారి బుర్రే బుర్ర, ఆయ్!”

“ఏటి గట్టున ఉన్న వాటికి వేసి చూశాం కదండీ. నిక్షేపంగా ఉన్నాయి,” అంది తాయారు, అన్నంలో ఆవకాయ కలుపుతూ.

ఆ ఆవకాయ సంగతి కూడా చెప్పాలి. వచ్చిన కొత్తలో నువ్వుల నూనె దొరక్క ఆవిడ ఏడుపు మొహం పెట్టుకుంటే, ల్యాబ్‌లో ఆవిడ కింద పనిచేసే ఆందెమ్ వాళ్ళ అమ్మమ్మ దగ్గర్నుంచి ఓ సీసా నూనె తెచ్చి ఇచ్చింది. మోఆబి గింజల నూనె. మోఆబి అనేది కాగితాల్లో పేరు. అకోమ్ ఆడవాళ్ళ నోట అది అజా. ఆకాశాన్ని తాకే చెట్టు. దాని పండు రాలితే ఏనుగులు తింటాయి, మనుషులు తింటారు. గింజ కొట్టి, పప్పు రుబ్బి, కాచి పిండితే చిక్కటి నూనె వస్తుంది. కూరకీ అదే, బాలింత ఒంటికీ అదే, సంతలో అమ్మకానికీ అదే. అది మగవాళ్ళు చెయ్యిపెట్టని సొమ్ము. ఆ నూనెలో ఊరిన ఆవకాయ తిని వీర్రాజు, “మన ఆవకాయ గాబన్ పౌరసత్వం తీసుకుందే,” అని నెలరోజులు నవ్వించాడు.

కాయలు రాలే కాలం వచ్చింది. ఆందెమ్ అమ్మమ్మ మామా ఒయాన్ ఓ పొద్దున సరాసరి ల్యాబ్‌లోకి వచ్చింది. వీపుకి కట్టుకునే తీగబుట్ట చేత్తో పట్టుకుని, తాయారు ముందున్న బల్ల మీద బోర్లించింది. అందులోంచి రెండు ఎండుటాకులు రాలాయి. అంతే.

“ఏటి గట్టు అజాల కింద దొరికింది ఇది,” అందావిడ ఫ్రెంచిలో. ఆవిడ ఫ్రెంచి, తాయారు ఫ్రెంచి రెండూ కుంటివే కాబట్టి ఒకరికొకరు బాగానే అర్థమవుతారు. “నా సొంత చెట్టు గాలివానకి పడిపోయింది. అప్పట్నుంచీ ఆ గట్టు మీదే ఏరుకుంటున్నా. నువ్వు వాటికి ఇనుము తొడిగావు. ఇప్పుడు ఇదీ కాపు.”

“అమ్మమ్మా, మెల్లిగా,” అంది ఆందెమ్ ఇబ్బందిగా.

“మామా ఒయాన్, అజా ఏటేటా కాయదు కదా,” అంది తాయారు. “ఓ ఏడు కాసి ఓ రెండేళ్ళు ఊరుకుంటుందని మీరే చెప్పారు.”

“కాసే ఏడే ఇది. ఇనుము లేని చెట్ల కింద కాలు పెట్టడానికి చోటు లేదు. పోయి చూసుకో.”

తాయారు నవ్వేసింది. ఆ నవ్వుకి తర్వాత చాలా రోజులు తనని తాను తిట్టుకుంది గానీ, అప్పుడు మాత్రం మనసారా నవ్వింది. ఎందుకంటే గాయం తగిలిన చెట్టు ఇంకా ఎక్కువ కాస్తుందని ఆవిడకి ఊహ తెలిసినప్పట్నుంచీ తెలుసు. కాయని మామిడికి నాన్న కత్తి తీసుకుని మొదలు చుట్టూ గాట్లు పెట్టేవాడు. “కాస్త భయం పెట్టాలే. పోతానేమో అనుకుందంటే పిల్లల్ని దింపి మరీ పోతుంది,” అనేవాడు. మరుసటి ఏడు ఆ చెట్టు కొమ్మలు విరిగేలా కాసేది. కడియం ఊళ్ళో పసిపిల్లనడిగినా చెప్పే సంగతి. అందుకే మానుపు మీద ఇన్నేళ్ళు ప్రయోగాలు చేసి, మాను ఎంత లావెక్కిందో, ఆకు ఎంత పచ్చగా ఉందో, వేరు ఎంత నీరు తాగిందో అన్నీ కొలిచింది గానీ, కాపు మాత్రం చూడలేదు. కడియం పిల్లకి అది చూడాలనే తోచలేదు.

ఈ మాటలన్నీ ముసలావిడకి చెప్పింది. మామా ఒయాన్ ఓపిగ్గా విన్నది.

“మీ నాన్న గాటు పెట్టి ఏం చేసేవాడు? మందు రాసేవాడా?”

“లేదు. వదిలేసేవాడు.”

“నువ్వు?”

తాయారు చూపు బల్ల చివరున్న మానుపు సీసా మీదికి పోయింది. మామా ఒయాన్ బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ వారమంతా తాయారూ ఆందెమూ అడవిలోనే ఉన్నారు. కత్తెర బిగించిన డ్రోన్‌ని పైకి పంపి ఆలస్యంగా మొగ్గ తొడిగిన కొమ్మల చివర్లు తుంచి కిందికి దింపారు. కడియం వేసినవి ఓ సంచీలో, వెయ్యనివి ఓ సంచీలో. ల్యాబ్‌కి తెచ్చి మొగ్గల్ని పల్చగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. వెయ్యని చెట్టు మొగ్గలో పువ్వు తాలూకు అన్ని పొరలూ చక్కగా ముడుచుకుని ఉన్నాయి. వేసిన చెట్టు మొగ్గలో పువ్వు లేదు. పువ్వు ఉండాల్సిన చోట గట్టిగా, తెల్లగా ఓ గుబ్బ ఉంది. ఆ గుబ్బ ఏమిటో తాయారుకి వేరే చెప్పక్కర్లేదు. గాయాన్ని పూడ్చే కండ అది. మాను మీద మానుపు పూసిన చోట పెరిగేదీ అదే.

ఆవిడ ఇంకో మొగ్గ కోసింది. ఇంకోటి. ఆందెమ్ “చాలు మదాం” అనేదాకా కోస్తూనే ఉంది.

“పూసిన చోట ఆగలేదు,” అంది తాయారు చివరికి. “కొమ్మ కొమ్మకీ ఎక్కింది. చెట్టుకి తన ఒళ్ళంతా గాయమే అనిపిస్తోంది. బలమంతా దాన్ని మాన్పుకోడానికే పోతోంది. ఇంక పూసేదెక్కడ, కాసేదెక్కడ!”

“మరి మీ నాన్నగారి మామిడిచెట్టు?”

“దానికి భయం వేసేది. నేను ఆ భయం లేకుండా చేశాను. చావనని నమ్మకం కుదిరిన చెట్టుకి పిల్లలెందుకు?”

ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒకుమే అడవిలోకి పోయి కడియం వేసిన చెట్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని వెతికారు. ఒకుమే గింజని ఎవరూ తినరు, ఎవరూ ఏరుకోరు. అది రాలిందో లేదో పట్టించుకునే దిక్కు లేదు. ఎంత వెతికినా ఈ మధ్య మొలిచిన మొక్క ఒక్కటీ దొరకలేదు. పైన చూస్తే పచ్చటి పందిరి. కింద పసిమొక్క లేని నేల. అడవి బతికే ఉంది, కానీ తన తర్వాత ఇంకెవరూ లేని ముసలిదైపోయింది. తాయారు అక్కడే చతికిలబడి ఏడ్చింది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఆ ముద్దు పిల్లే అడవి కడుపు కొట్టిందంటే తల్లికి ఎలా ఉంటుంది!

ఆందెమ్ ఓదార్చలేదు. మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ అడిగింది. “ఇది బయటపెడితే ల్యాబ్ మూసేస్తారు కదా మదాం?”

“మూసేస్తారు.”

“మా ఇంట్లో మొదటి జీతం నాది. ల్యాబ్ మూస్తే మళ్ళీ కర్రపెండలం తోటకే పోవాలి.” లేచి సంచీ భుజాన వేసుకుంది. “చెప్పకపోతే అమ్మమ్మ ఇంట్లో నేను తినలేను. చెప్పండి.”

తాయారు వీర్రాజుకి ముందు ఇంట్లో చెప్పింది. అతను చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా విన్నాడు. చెడ్డవాడు కాదు. కానీ ఫ్యాక్టరీలో ఏ మిషను ఆగినా తన గుండె ఆగినట్టు గిలగిల్లాడే మనిషి.

“ఇప్పుడా చెప్పేది? ఆర్డర్లన్నీ తీసేసుకున్నాక? కొరివితో తల గోక్కుంటానంటావేంటే!”

“నా కొరివేనండీ అది. నా తలే.”

“నీ ఒక్కదాని తల కాదు. ఆ షెడ్డులో ఎంతమంది ఉన్నారో తెలుసా? వాళ్ళ పిల్లలకి ఏం చెప్తావు? అడవికి పిల్లలు పుట్టట్లేదు, మీరు పస్తులుండండని చెప్తావా?”

“వాళ్ళ మనవలకి ఒలవడానికి చెట్టే ఉండదని చెప్తాను. పడిన చెట్టు స్థానంలో ఇంకోటి లేవదు. చెట్టు కొడితే కనీసం పక్కన ఇంకోటి మొలిచేదండీ. మనం గొడ్డలికంటే కనికరం లేని పని చేస్తున్నాం.”

అతను చల్లారిన కాఫీ సింకులో పారబోశాడు. కానీ మర్నాడు కేల్కర్‌తో వీడియో కాల్ పెట్టించింది అతనే.

కేల్కర్ మొత్తం విన్నాడు, మధ్యలో రెండుసార్లు టీ తాగాడు, “చాలా విలువైన పరిశీలన, డాక్టర్,” అన్నాడు. పెద్దవాళ్ళు విలువైన పరిశీలన అన్నారంటే దానికి పాడె కట్టేశారనే అర్థం.

“పదేళ్ళ అధ్యయనం ఒకటి మొదలుపెడదాం. బడ్జెట్ నేనిప్పిస్తా. ఈలోగా పని ఆగదు.”

“పదేళ్ళు చూడక్కర్లేదు సార్. మొగ్గ కోస్తే పావుగంటలో తెలుస్తుంది. మానుపుని మారుస్తాను, నాకు టైమివ్వండి. అంతవరకూ ఆ తోపుకి కడియం వద్దు. ఊరి ఆడవాళ్ళు ఆ కాయల మీద బతుకుతున్నారు.”

“ఎవరి కాయలు? ఎవరి చెట్లు?” కేల్కర్ నవ్వాడు. “ఆచారం ప్రకారం ఊళ్ళో ఎవరికైనా సొంతమైన చెట్టుంటే దాని జోలికి పోమని మేమే రాసిచ్చాం. పచ్చముద్ర కావాలంటే రాయాలి మరి. అలాంటివి ఊరి చుట్టూ నాలుగైదున్నాయి, వదిలేశాం. కొండ దిగువ తోపులో ఒక్కటైనా ఎవరిదైనా ఉందేమో అడగండి. ఉండదు. అది వట్టి అడవి.”

తాయారు అడగడానికి సాయంత్రమే మామా ఒయాన్ ఇంటికి వెళ్ళింది. ఫాంగ్ ఇళ్ళల్లో వంటశాల ఆడవాళ్ళ కచేరీ. మగవాడు గుమ్మంలో దగ్గి మరీ రావాలి. పొయ్యి పక్కన పీట వేసి కూర్చోబెట్టింది ముసలావిడ. తాయారు ఏమీ దాచకుండా చెప్పింది. తప్పు తనదేనంది. చెట్లు మళ్ళీ కాస్తాయో లేదో తనకి తెలీదంది. ఇక ఒలవకుండా వదిలేస్తే కొన్నేళ్ళకి కాయొచ్చేమోనని ఆశ మాత్రం ఉందంది. తర్వాత కేల్కర్ అన్న మాట చెప్పింది.

పొయ్యి చుట్టూ ఉన్న ఆడవాళ్ళూ, వాళ్ళ మధ్య ఆందెమూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మామా ఒయాన్ మాత్రం కర్రతో నిప్పులు ఎగదోసింది.

“నిజమే చెప్పాడు. ఆ తోపులో ఎవరికీ చెట్టు లేదు. ఎందుకు లేదో తెలుసా బిడ్డా? మేం ఊడవడం మానేశాం కాబట్టి.”

“ఊడవడమేంటి?”

“అజా సొంతం కావాలంటే డబ్బిచ్చి కొనుక్కోరు. మాను చుట్టూ తీగలు కొట్టి, తుప్పలు నరికి, ఆకులన్నీ ఊడ్చి, నేల కనిపించేలా గుండ్రంగా వలయం చెయ్యాలి. వలయం ఒకచోట మొదలై మళ్ళీ అక్కడికే చేరి కలిసిందంటే ఆ చెట్టు ఊడ్చినవాళ్ళది. వాళ్ళ తర్వాత వాళ్ళ పిల్లలది. దొంగ కూడా ఆ వలయంలో కాలు పెట్టడు. మా అమ్మమ్మ ఓ కాయని చెట్టు కింద ఊడ్చింది. మొదటి కాయ మా అమ్మ ఏరింది.” ఆవిడ ఆందెమ్ వైపు గడ్డం ఎగరేసింది. “తర్వాత దుకాణంలో నూనె డబ్బాలొచ్చాయి. పిల్లలు ఫ్యాక్టరీకెళ్ళారు. అంత లోపలికి పోయి ఊడ్చేదెవరు? మేం వదిలేశాం కాబట్టి వాళ్ళకి వట్టి అడవైంది. తప్పు నీ ఒక్కదానిదే అని మురిసిపోకు.”

“ఇప్పుడు ఊడిస్తే?” అంది ఆందెమ్.

“ఇప్పుడు ఊడ్చినా ఊడ్చినట్టే. ఆచారానికి తారీఖు లేదు.”

“మరి ఫ్యాక్టరీ?” అడిగిందో పిల్ల, కంపెనీ చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. “మనం అడ్డం పడితే మనకే జీతం రాదు.”

మామా ఒయాన్ ఆ పిల్ల వైపు తిరిగింది. “ఫ్యాక్టరీ వద్దని నేనన్నానా? కొయ్యండి, అమ్మండి, బాగుపడండి. మా తాతలు కూడా వలసొచ్చేటప్పుడు దారికి అడ్డం నిలిచిన ఓ అజా మానునే తొలుచుకుని ఇవతలికొచ్చారంటారు. చెట్టుకి కన్నం పెట్టడం మాకు కొత్త కాదు. కానీ నా మనవరాలి మనవరాలికి కన్నం పెట్టుకోడానికైనా ఓ చెట్టుండాలి. అది లేకుండా చేసే పనికి జీతమెంతిచ్చినా నాకొద్దు. నీకు కావాలా? కావాలంటే ఇంట్లో కూర్చో, ఎవరూ తిట్టరు.”

ఆ పిల్ల కూర్చోలేదు. మర్నాడు కత్తి పట్టుకుని అందరికంటే ముందు నడిచింది.

తర్వాత రోజుల్లో అకోమ్‌లో ఆడవాళ్ళు ఇంటిపట్టున ఉంటే ఒట్టు. తెల్లారకుండా బయల్దేరడం, చీకటిపడ్డాక మట్టికొట్టుకుపోయి రావడం. షెడ్డులో వెనీరు అతుకులేసే బల్లలన్నీ ఖాళీ. ఆరా తీసిన వీర్రాజుకి “ఊడుస్తున్నారు” అనే జవాబు తప్ప ఇంకోటి రాలేదు. అతనికి విషయం అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. అర్థమయ్యాక కేల్కర్‌కి ఫోన్ చెయ్యడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. ఈలోగా చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు కూడా వచ్చి చేరారు.

కేల్కర్ విమానం దిగి నేరుగా అడవికే వచ్చాడు, ప్రభుత్వ అటవీ అధికారిని వెంటబెట్టుకుని. లారీలో కడియాలు. వెనక వీర్రాజు జీపు. తోపు మొదట్లో తొలి మాను దగ్గర ఆగారు. మాను చుట్టూ నేల ఎర్రగా, నున్నగా, అప్పుడే అలికిన వాకిలిలా మెరుస్తోంది. మధ్యలో ఓ ఆడమనిషి కాళ్ళు బారజాపుకుని కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది.

“ఈ చెట్టెవరిది?” అడిగాడు అటవీ అధికారి ఫాంగ్‌లో. అతనిదీ ఆ ప్రాంతమే.

“నాది.”

అధికారి వలయం చుట్టూ నడిచాడు. వలయంలో కాలు పెట్టలేదు. కేల్కర్ వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. రెండో మాను కింద కంపెనీ చొక్కా వేసుకున్న పిల్ల. “నాది.” మూడో దాని కింద మామా ఒయాన్, చుట్ట కాలుస్తూ. “నాది. మీ అమ్మ బాగుందా నాయనా? నూనె పంపిస్తానని చెప్పు.” అధికారి నవ్వు దాచుకోడానికి దగ్గాడు. అలా ఎంత దూరం నడిచినా వలయం, వలయంలో ఓ ఆడమనిషి, ‘నాది’ అనే మాట. కేల్కర్ మెడ వెనక ఎర్రబడింది.

“సరే. తోపు వదిలేద్దాం,” అన్నాడు కేల్కర్ పళ్ళు బిగించి. “ఏటి గట్టుకి పదండి. అక్కడివి మనం ఒకసారి ఒలిచినవి. రెండో కోతకొచ్చాయి. వాటి మీద ఎవరికీ ఏ హక్కూ లేదు. కాయని చెట్టుని ఎవడు ఊడుస్తాడు?”

గట్టు మీద మొట్టమొదట కడియం వేసిన మాను కింద తాయారు ఊడుస్తోంది. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, నడుం వంచి, ఈనెల చీపురుతో. మిగతా చెట్ల చుట్టూ వలయాలు పూర్తయ్యాయి. ఆందెమ్, ఇంకొందరు వాటిలో కూర్చున్నారు. ఈ మాను మాత్రం తాయారు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నరుకుడు అలవాటు లేని చేతులు బొబ్బలెక్కి, పని నత్తనడక నడిచింది. తుప్పలు పోయాయి, తీగలు పోయాయి, ఇంకో మూరెడు చోట మాత్రం ఆకులున్నాయి.

“డాక్టర్, మీకు మతి పోయిందా?” కేల్కర్ వచ్చి ఆ ఆకుల మీదే నిలబడ్డాడు. “మీరు ఈ ఊరివాళ్ళు కాదు. ఈ దేశంవాళ్ళే కాదు.”

తాయారు నడుం ఎత్తకుండానే అటవీ అధికారిని అడిగింది. “ఊడ్చే చెయ్యి ఎక్కడిదని మీ ఆచారంలో అడుగుతారా అండీ?”

అధికారి టోపీ తీసి చంకన పెట్టుకున్నాడు. “అడగరు మదాం. ఊడ్చారా లేదా అనే చూస్తారు.” వలయాన్ని పరకాయించి చూశాడు. “అయితే ఇది ఇంకా కలవలేదు. కలవందే చెట్టు మీది కాదు.”

“అదీ మాట!” కేల్కర్ చెయ్యెత్తాడు. “వీర్రాజ్, కడియం దింపించు. ఇప్పుడే.”

పనివాళ్ళు వీర్రాజు వంక చూశారు. వీర్రాజు పెళ్ళాం వంక చూశాడు. ఇన్నేళ్ళ కాపరంలో ఆవిడ చేతులకి బొబ్బలు అతనెప్పుడూ చూడలేదు. ఈ చెట్టు మళ్ళీ కాస్తుందో లేదో ఆవిడకే తెలీదని కూడా అతనికి తెలుసు. తెలీని దాని కోసం ఇంతలా వంగిన మనిషిని చూస్తూ అతను మెడ తుడుచుకునే రుమాలు జేబులో కుక్కేశాడు.

“లారీ వెనక్కి తిప్పండ్రా,” అన్నాడు పనివాళ్ళతో.

“ఏమన్నావ్?”

“నేను దింపించనండి. ఇంకో మేనేజర్ని చూసుకోండి, ఆయ్.”

కేల్కర్‌కి ఒక్కసారిగా అన్ని మాటలూ వచ్చేశాయి. ఇద్దరి ఉద్యోగాలూ ఈ క్షణం నుంచి లేవన్నాడు. సాయంత్రానికి క్వార్టర్ ఖాళీ చెయ్యాలన్నాడు. మానుపు మీద పేటెంటు కంపెనీదన్నాడు. ఇంకో సైంటిస్టు దొరక్క పోడన్నాడు. కోర్టన్నాడు. కడియం కనిపెట్టిన మనిషే ఇలా రోడ్డున పడి చీపురు పట్టుకుంటే లోకం నవ్విపోతుందన్నాడు. ఆ ఎర్ర నేల అంచున, ఆ మూరెడు ఆకుల మీద గట్టిగా కాళ్ళు పాతుకుని, వేలు ఆడిస్తూ అన్నాడు.

తాయారు అన్నీ విన్నది. కొంగుతో మొహం తుడుచుకుంది. మళ్ళీ నడుం వంచింది.

“అలాగేనండీ,” అంది. “కాస్త జరగండి. మీ కాళ్ళ కింద ఇంకా ఊడవలేదు.”

అంటూనే చీపురు విసురుగా అతని బూట్ల మీదికి తెచ్చింది. ఎంత వైస్ ప్రెసిడెంటైనా, ఏ దేశం విమానం దిగినా, కాళ్ళ మీదికి చీపురొస్తే నిలబడే ప్రాణం కాదు మనది. కేల్కర్ ఉలిక్కిపడి వెనక్కి గెంతాడు. తాయారు ఆ మూరెడూ ఊడ్చేసింది.